గాలిపటముతో నేలను చిత్రించుట

మన చెరువు ఏ ఆకారమున నున్నదని అడిగినచో విద్యార్థులలో ఎందరు సరిగా చెప్పగలరు? కట్టమీద నిలిచినవారికి ఎదుటి నీరు మాత్రమే కనబడును. అలుగు ఎచ్చట వంగినదో, కాలువ ఏ పొలముల మధ్యగా పోవుచున్నదో, గత సంవత్సరము నీరు నిలిచిన చోట నేడు ఎంత మేర గుర్రపుడెక్క అల్లుకొన్నదో తెలియవలెనన్న పై నుండి చూడవలెను. అట్టి చూపు విమానములకును, కృత్రిమ ఉపగ్రహములకును మాత్రమే గలదని అనేకులు తలంతురు. అది నిజము కాదు. ఒక గాలిపటము, నూరు మీటర్ల నూలుత్రాడు, ఇంటిలో మూలపడిన పాత సెల్‌ఫోను ఉన్నచో ఉన్నత పాఠశాల విద్యార్థులు సైతము తమ ఊరిని పై నుండి చిత్రింపగలరు. ఆ విధానమును ఈ వ్యాసమున వివరింతుము.

ఉపగ్రహ చిత్రములు ఉచితముగా లభించుచుండగా ఈ శ్రమ ఎందులకని ఒకరు ప్రశ్నింపవచ్చును. యూరపు దేశములవారి సెంటినెల్-2 ఉపగ్రహములు తీయు చిత్రములు అందరికిని ఉచితములే. కాని వానిలో మిక్కిలి సూక్ష్మమైన చుక్క సైతము నేలపై 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు గల చదరమునకు సమానము. మన పాఠశాల బావి ఆ చుక్కలో ఎక్కడనో కలిసిపోవును. 60 మీటర్ల ఎత్తున వ్రేలాడు సామాన్యమైన ఫోను తీసిన చిత్రములోనన్ననో ఒక్కొక్క చుక్క నేలపై సుమారు 2 సెంటీమీటర్లు మాత్రమే. బావి గట్టుపై నుంచిన బిందె కూడ అందు కనబడును.

పూర్వ చరిత్ర

ఈ విద్య నిన్న మొన్న పుట్టినది కాదు. 1858లో నాదార్ అను ఫ్రెంచి ఛాయాచిత్రకారుడు బెలూను నెక్కి మొదటి గగన చిత్రమును తీసెను. మనుష్యుడు పైకెక్కకయే చిత్రము తీయు ఉపాయమును ప్రచారమునకు తెచ్చినవాడు దక్షిణ ఫ్రాన్సులోని లాబ్రుగియేర్ అను చిన్న ఊరి నివాసి ఆర్థర్ బత్యు. 1888లో అతడు తేలికయైన పెట్టె కెమేరాను గాలిపటపు వెన్నుబద్దకే బిగించెను. నిదానముగా కాలెడి ఒక వత్తి తుదివరకు కాలగానే కెమేరా మూత తెరచుకొని మూసుకొనెడిది. ఆ క్షణముననే ఒక కాగితపు ముక్క జారి క్రిందికి పడెడిది; అది చూచి చిత్రము పూర్తియైనదని క్రిందివారు గ్రహించెడివారు. ఎత్తును తెలిసికొనుటకు వాయుభారమాపకమును గూడ పైకి పంపెను. 1890లో తన పద్ధతిని ఒక పుస్తకముగా ప్రకటించెను.

1906 ఏప్రిల్ 18వ తేదీన అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరము భూకంపమునకును, దాని వెంట చెలరేగిన అగ్నికిని ఆహుతియయ్యెను. కొలది వారములకు జార్జి లారెన్సు అను ఛాయాచిత్రకారుడు వరుసగా కట్టిన 17 గాలిపటములతో సుమారు 22 కిలోగ్రాముల కెమేరాను 600 మీటర్ల ఎత్తునకు లేపి, ఆ శిథిల నగరమునంతయు ఒకే చిత్రమున చూపెను.

మన కాలమున 2010 ఏప్రిల్‌లో మెక్సికో సింధుశాఖయందు చమురు త్రవ్వుచున్న ఒక తెప్ప ప్రేలిపోయి సముద్రమంతయు చమురు వ్యాపించెను. అప్పుడు తీరవాసులు బెలూనులకు, గాలిపటములకు చౌక కెమేరాలు కట్టి తమ తీరమునకు కలిగిన నష్టమును తామే చిత్రించుకొనిరి. ఆ యత్నము నుండి పబ్లిక్ ల్యాబ్ అను సంఘము వెలసినది. పెద్ద ధనము గాని, పెద్ద యంత్రము గాని లేనివారు సైతము తమ నేలకు తామే సాక్ష్యము సమకూర్చుకొనవచ్చునని ఈ మూడు ఉదాహరణములలో కడపటిది చాటుచున్నది.

గాలిపటము

సంక్రాంతికి పిల్లలు ఎగురవేయు కాగితపు పటము దీనికి పనికిరాదు. అది పందెమునకు చురుకుగా తిరుగవలెను. మనది కదలక నిలువవలెను. బరువు మోయుటకు వైశాల్యము కావలెను. జపానువారి రొక్కాకు అను ఆరు మూలల పటము ఇందుకు మిక్కిలి అనువైనది. దానికి తోక అక్కరలేదు. చేయుట సులభము.

కొలతలు ఇట్లుండవలెను. నిలువు బద్ద 150 సెంటీమీటర్లు. అడ్డబద్దలు రెండు; ఒక్కొక్కటి 120 సెంటీమీటర్లు. పై కొన నుండి 30 సెంటీమీటర్ల దిగువన మొదటి అడ్డబద్దను, క్రింది కొన నుండి 30 సెంటీమీటర్ల ఎగువన రెండవదానిని కట్టవలెను. రెండింటి మధ్య 90 సెంటీమీటర్లుండును. ఎండిన వెదురును చీల్చి, కణుపులు నునుపు చేసి, రెండు ప్రక్కలును సమముగా వంగునట్లు చెక్కవలెను. చెక్కిన బద్దను నడుమ వ్రేలిపై నిలిపి చూచినచో ఏ ప్రక్క బరువో తెలిసిపోవును.

బట్టకు పాత గొడుగుల గుడ్డకు మించినది లేదు. అది తేలిక, గాలిని జారనీయదు, విరిగిన గొడుగులు ప్రతి ఇంటను దొరకును. గుడ్డ అంచులలో త్రాడు పెట్టి కుట్టవలెను. అడ్డబద్దలను వెనుక వైపు విల్లువలె వంచి, నడుమ 12 సెంటీమీటర్ల లోతు ఏర్పడునట్లు త్రాడుతో బిగింపవలెను. ఈ వంపే పటమును నిలకడగా నుంచును.

పటమునకు ముందు వైపున కట్టు త్రాళ్లను మన పిల్లలు సూత్రము అందురు. ప్రతి అడ్డబద్దకు, నిలువుబద్దకు ఇరువైపుల 30 సెంటీమీటర్ల దూరమున ఒక్కొక్క ముడి చొప్పున, మొత్తము నాలుగు ముడులు వేయవలెను. పై రెండు త్రాళ్లను ఒకటిగా, క్రింది రెండింటిని ఒకటిగా చేర్చి, ఆ రెండింటిని కలుపు త్రాటిపై ఒక చిన్న ఉంగరము జరుగునట్లు అమర్చవలెను. గాలి ఎక్కువగా నున్న దినమున ఉంగరమును పై వైపునకు ఒక వ్రేలి వెడల్పు జరుపవలెను. గాలి మందముగా నున్నపుడు క్రిందికి జరుపవలెను.

గాలి బలము

గాలి వేగము రెట్టింపైనచో దాని ఒత్తిడి రెట్టింపు గాదు, నాలుగు రెట్లగును. ఈ ఒక్క సూత్రమును మరచినవారికి పటము తెగును, కెమేరా పగులును. సెకనుకు 5 మీటర్ల గాలి ఒక చదరపు మీటరుపై సుమారు ఒకటిన్నర కిలోగ్రాముల బరువుతో త్రోయును. మన పటపు వైశాల్యము 1.44 చదరపు మీటర్లు గనుక త్రాటిపై లాగు సుమారు 2 కిలోగ్రాములుండును. సెకనుకు 10 మీటర్ల గాలిలో అదే పటము 8 కిలోగ్రాములకు పైబడి లాగును.

గాలిని కొలుచు యంత్రము లేకపోయినను చెట్లను చూచి తెలిసికొనవచ్చును. ఆకులును, చిరుకొమ్మలును ఎడతెగక కదలుచున్నచో వేగము సెకనుకు మూడున్నర నుండి ఐదున్నర మీటర్లు. ఇది మనకు తగిన గాలి. దుమ్ము రేగి కాగితములు లేచుచున్నచో ఎనిమిది మీటర్ల వరకు నుండును. చిన్న చెట్లు ఊగనారంభించినచో ఆ దినము పటమును చుట్టి ఇంటికి పోవలెను.

హొసూరు ప్రాంతమున జూను నుండి ఆగస్టు వరకు నైరుతి పవనములు బలముగా వీచును. ఆడి మాసపు గాలి సన్నెకల్లును గూడ కదలించునని మన తమిళ సోదరులు చెప్పుదురు. అది నేర్చుకొనువారి కాలము కాదు. మార్గశిర పుష్యములలో ఈశాన్యము నుండి వీచు మెత్తని గాలియే ప్రారంభమునకు మేలు.

త్రాడు

ధనము పొదుపు చేయదలచినవారు దేనియందైనను పొదుపు చేయవచ్చును గాని త్రాటియందు చేయరాదు. గాజుపొడి పూసిన దారము గాని, నైలాను మాంజా గాని ముట్టరాదు. అవి పక్షుల రెక్కలను, బాటసారుల మెడలను కోయుచున్నవి. 2017లో జాతీయ హరిత న్యాయస్థానము కృత్రిమ నూలుతో చేసిన మాంజాను దేశమంతటను నిషేధించినది. రెండు మిల్లీమీటర్ల మందము గల అల్లిక నూలుత్రాడు మనకు చాలును.

కొన్న త్రాటిని పరీక్షింపక పైకి పంపరాదు. ఒక మీటరు ముక్కను తీసికొని నడుమ ఒక ముడి వేసి చెట్టుకొమ్మకు కట్టవలెను. ముడి పడిన చోట త్రాటి బలము చాల తగ్గును. కావున ముడితోనే పరీక్షింపవలెను. నీరు నింపిన 20 లీటర్ల డబ్బాను, దానికి తోడు 5 లీటర్ల నీరు గల బక్కెటును వ్రేలాడదీసినచో 25 కిలోగ్రాముల బరువగును. ఆ బరువునకు త్రాడు తెగరాదు. ఎగురవేయునపుడు భౌతికశాస్త్ర ప్రయోగశాలలోని స్ప్రింగు త్రాసుతో లాగును కొలుచుచుండవలెను. అది 5 కిలోగ్రాములు దాటినచో వెంటనే దింపవలెను. ఈ విధముగా త్రాడు ఎల్లప్పుడును తన బలములో ఐదవ వంతు మాత్రమే మోయును.

త్రాటిపై ప్రతి 10 మీటర్లకు ఒక రంగుదారము కట్టి గుర్తు పెట్టవలెను. దాని ఉపయోగము ముందు తెలియగలదు.

కెమేరాయును, ఉయ్యాలయును

క్రొత్త కెమేరా కొనవలసిన పనిలేదు. తెర పగిలినదైనను కన్ను పగులని పాత ఫోను చాలును. క్రమవ్యవధిలో తనంతట తానే చిత్రములు తీయు ఏర్పాటు కొన్ని ఫోనులలో నుండును. లేనివానికి అట్టి ఉచిత సాధనములు గలవు. ప్రతి 5 సెకనులకు ఒక చిత్రము తీయునట్లు పెట్టినచో 20 నిమిషములలో 240 చిత్రములు లభించును. వానిలో పది మంచివి దొరకినను మన కార్యము సఫలమే. ఉయ్యాల ఊగుచుండును గనుక ఒక్కొక్క చిత్రము సెకనులో వేయవవంతు కాలములో ముగియునట్లు అమర్చవలెను. దృష్టిని దూరమునకు నిలిపి బంధింపవలెను.

ఫోనును పటమునకు కట్టరాదు. పటపు కుదుపులన్నియు చిత్రమున కనబడును. పటమునకు 25 మీటర్ల దిగువన త్రాటికే వ్రేలాడదీయవలెను. 1912 ప్రాంతమున పికవే అను ఫ్రెంచివాడు కనిపెట్టిన ఉయ్యాల నేటికిని వాడుకలో నున్నది. 20 సెంటీమీటర్ల వెదురుబద్దలు రెండింటిని కూడిక గుర్తువలె కట్టి, నాలుగు కొనలకు నాలుగు ఉంగరములు తగిలింపవలెను. పటపు త్రాటిపై ఒక మీటరు ఎడముగా రెండు కొక్కెములు కట్టవలెను. ఇపుడు ఒకే నునుపైన దారమును మొదటి కొక్కెమునకు కట్టి, ఒక కొన ఉంగరము గుండ దూర్చి రెండవ కొక్కెమునకు తీసికొనిపోవలెను. అచ్చటి నుండి రెండవ ఉంగరము గుండ మొదటి కొక్కెమునకు, మరల మూడవ ఉంగరము గుండ రెండవ కొక్కెమునకు, తుదకు నాలుగవ ఉంగరము గుండ మొదటి కొక్కెమునకు తెచ్చి ముడివేయవలెను. దారము ఉంగరములలో జారుచుండుటచేత పటపు త్రాడు ఎంత వాలినను ఉయ్యాల మట్టముగానే నిలుచును.

ఉయ్యాల నడుమ ఫోనును, దాని కన్ను తిన్నగా నేలను చూచునట్లు కట్టవలెను. కోసిన నీళ్ల సీసాలో ఫోనును అమర్చినచో దిగునపుడు దెబ్బ తగులదు. ఇది గాక మరియొక విడి త్రాటితో ఫోనును పటపు త్రాటికి కట్టియుంచవలెను. ఉయ్యాల దారము తెగినను ఫోను ఎవరి తలపైనను పడరాదు గదా.

మొదటి మూడు దినములు ఫోనుకు బదులు అంతే బరువు గల ఇసుకమూటను పంపవలెను. ఇసుక నిలకడగా నిలిచిన పిదపనే ఫోను పైకెక్కవలెను.

ఎగురవేయు విధము

కనీసము నలుగురు ఉండవలెను. ఒకడు చేతులకు మందపు గుడ్డ తొడుగులు ధరించి త్రాటిని పట్టవలెను. రెండవవాడు చరకా చూచుకొనవలెను. మూడవవాడు ఎత్తును కొలువవలెను. నాలుగవవాడు ఆకాశమును, చుట్టుప్రక్కల మనుష్యులను కనిపెట్టియుండవలెను. త్రాటిని చేతికి గాని నడుమునకు గాని చుట్టుకొనరాదు. చెట్టు మొదలునకు కట్టవచ్చును.

ముందుగా పటమును ఒంటరిగా పైకి పంపి పది నిమిషములు చూడవలెను. నిలకడ కుదిరిన పిదప ఉయ్యాలను త్రాటికి తగిలించి త్రాటిని మెల్లగా వదలవలెను. దింపునపుడు త్రాటిని బలవంతముగా చుట్టరాదు. ఒకడు త్రాటిని తొడుగు చేతితో క్రిందికి అదుముచు పటము వైపునకు నడచి పోవలెను. పటము తానే దిగివచ్చును. ఉదయము 9 గంటల నుండి 11 గంటల వరకు వెలుగు అనుకూలము. నీడలు గట్లను, గుంటలను స్పష్టముగా చూపును.

ఎత్తును, వైశాల్యమును లెక్కించుట

కోణమాపకమునకు దారముతో రాయి కట్టి ఉయ్యాల వైపు గురిచూచినచో అది ఎంత కోణమున నున్నదో తెలియును. ఉయ్యాల వరకు వదలిన త్రాటి పొడవును ఆ కోణపు సైనుతో గుణించినచో ఎత్తు వచ్చును. 30 డిగ్రీలకు సైను 0.50, 45 డిగ్రీలకు 0.71, 60 డిగ్రీలకు 0.87. త్రాడు 85 మీటర్లు, కోణము 45 డిగ్రీలు అయినచో ఎత్తు సుమారు 60 మీటర్లు. త్రాడు కొంత వ్రేలాడుట వలన నిజమైన ఎత్తు ఇంతకంటె కొంచెము తక్కువగా నుండును.

సామాన్యముగా ఫోను ప్రధాన కెమేరా, పొడవు వెడల్పులు 4:3 నిష్పత్తిలో నున్న చిత్రమున, తన ఎత్తుకు సుమారు సమానమైన వెడల్పును, అందుకు మూడింట నాలుగు వంతుల పొడవును చూపును. అనగా 60 మీటర్ల ఎత్తున 80 మీటర్ల పొడవు, 60 మీటర్ల వెడల్పు గల నేల ఒక చిత్రమున ఇముడును. చిత్రమున అడ్డముగా 4000 చుక్కలున్నచో ఒక్కొక్క చుక్క 2 సెంటీమీటర్లు.

ఎత్తుతో పనిలేకయే కొలత తెలిసికొను ఉపాయము మరియొకటి గలదు. నేలపై సరిగా 10 మీటర్ల ఎడముగా రెండు తెల్లని గుడ్డలు పరచి వానిపై రాళ్లుంచవలెను. చిత్రమున ఆ రెండింటి నడుమ 500 చుక్కలున్నచో త్రైరాశికముచే ఒక చుక్క 2 సెంటీమీటర్లని తేలును. పై లెక్కకంటె ఇదే నమ్మదగినది. చిత్రమును 1:1000 మానమున అచ్చు వేయించి గళ్లకాగితముపై నుంచినచో ఒక్కొక్క చదరపు సెంటీమీటరు గడి నేలపై 100 చదరపు మీటర్లగును. గళ్లను లెక్కించినచో వైశాల్యము లభించును. పెద్ద చెరువునకు ఒక చిత్రము చాలదు. కట్టవెంట నడచుచు, ఒకదానిలోని సగమునకు పైగా మరొకదానిలో కనబడునట్లు తీసి అతికింపవలెను. తిన్నగా క్రిందికి చూచినవానినే లెక్కకు తీసికొనవలెను. ప్రక్కకు వాలినవి చూచుటకు అందముగా నున్నను కొలతకు పనికిరావు.

పాటింపవలసిన నియమములు

విద్యుత్ తీగలు, రహదారులు, రైలుమార్గములు ఉన్న చోట పటమును ఎగురవేయరాదు. మేడలపై నుండి ఎగురవేయరాదు. ఉరుము వినబడినంతనే దింపవలెను. తడిసిన త్రాడు విద్యుత్తునకు దారి యగును. తీగకు చిక్కిన పటమును ఎంత ప్రియమైనదైనను వదలివేయవలెను. గ్రద్దలు దగ్గరకు వచ్చి తిరుగుచున్నచో వానికి దారి యీయవలెను.

1934 నాటి విమాన చట్టము గాలిపటమును గూడ విమానముల కోవలోనే లెక్కించినది. ఆ చట్టమునకు బదులుగా 2025 జనవరి 1వ తేదీ నుండి భారతీయ వాయుయాన అధినియమము అమలులోనికి వచ్చినది. కావున ఇది పిల్లల ఆట మాత్రమేయని తలపక, ప్రధానోపాధ్యాయుని ద్వారా స్థానికాధికారులకును, పోలీసు ఠాణాకును వ్రాసి అనుమతి పొందిన పిదపనే పూనుకొనవలెను. తళి మార్గమున బెలగొండపల్లి వద్ద విమానములు దిగు స్థలము గలదు; ఆ దరిదాపుల పటము మాటయే తలపెట్టరాదు.

ఇతరుల పెరడులును, చెరువులో స్నానము చేయువారును చిత్రమున పడకుండ చూడవలెను. పొరపాటున పడినచో ఆ చిత్రమును ఎవరికిని చూపక చెరిపివేయవలెను. మనకు నేల కావలెను గాని పరుల గుట్టు అక్కరలేదు.

చిత్రముతో ఏమి చేయవలెను

ప్రతి సంవత్సరము అదే మాసమున, అదే చోట నిలిచి, అంతే ఎత్తు నుండి తీసిన చిత్రములు ఐదు ప్రోగుపడినచో అది ఊరి చరిత్రయే. నీరు ఎంత తగ్గినది, మట్టి ఎంత మేటవేసినది, చెరువు లోపలికి గోడలు ఎంత జరిగినవి అను ప్రశ్నలకు వాదములతో పనిలేక కొలతలే సమాధానము చెప్పును. తేదీ, వేళ, గాలి తీరు, త్రాటి పొడవు ఒక పుస్తకమున వ్రాసియుంచవలెను. వ్రాత లేని చిత్రము సాక్ష్యము కాజాలదు.

తెలుగు ఉపాధ్యాయులమగుటచేత మరియొక పనిని కోరుచున్నాము. చిత్రమును పెద్దదిగా అచ్చువేయించి ఊరి పెద్దల ముందు పరచి, ఒక్కొక్క భాగము పేరు అడిగి తెలుగున వ్రాయవలెను. కట్ట, తూము, అలుగు, మరవ, ఆయకట్టు, వాగు, దిన్నె, ఒక్కొక్క చేని పేరు, ఒక్కొక్క గట్టు పేరు. ఇరుగుపొరుగు భాషల పేర్లను గూడ ప్రక్కన వ్రాయవలెను. తమిళమున ఏరి యన్న చెరువు. కన్నడమున ఏరి యన్న చెరువు కట్ట. మన తూమునకు కన్నడమున తూబు. మూడు భాషలు కలియు చోట నివసించువారికి మాత్రమే ఇట్టి విషయములు వీథిలో దొరకును. ప్రభుత్వ పటములు రాష్ట్ర భాషలోను, ఆంగ్లమునను ఉండును. అందు ఎక్కని తెలుగు పేర్లు పెద్దల నాలుకల మీద మాత్రమే నిలిచియున్నవి. వారితో అవి పోకమునుపే వ్రాసికొనవలెను. ఈ పనికి గాలి కొరకు వేచియుండవలసిన అవసరము కూడ లేదు.

అభ్యాసము

1. నిలువు బద్ద 180 సెంటీమీటర్లుగా ఇదే నిష్పత్తిలో రొక్కాకు పటము చేసినచో అడ్డబద్దల పొడవు ఎంత? పటపు వైశాల్యము ఎంత?

2. త్రాడు 80 మీటర్లు, కోణము 30 డిగ్రీలు అయినచో ఉయ్యాల ఎత్తు ఎంత? ఆ ఎత్తున ఒక చిత్రమున ఎంత నేల ఇముడును?

3. 10 మీటర్ల దూరము చిత్రమున 400 చుక్కలైనచో ఒక చుక్క నేలపై ఎన్ని సెంటీమీటర్లు?

4. గాలి వేగము సెకనుకు 4 మీటర్ల నుండి 12 మీటర్లకు పెరిగినచో త్రాటిపై లాగు ఎన్ని రెట్లగును?

5. మీ ఊరి చెరువు భాగముల పేర్లను ముగ్గురు పెద్దలను అడిగి వ్రాయుడు. పేర్లు భిన్నముగా నున్నచో మూడింటిని వ్రాయుడు, ఏదియు కొట్టివేయవలదు.